దూరపు సవారి పోటీలలో గుఱ్ఱపు మర్యాద

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో ఒక విశ్రాంత పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠము)



నేటి ప్రసంగమునకు విషయము గుఱ్ఱమని వినగానే మీలో కొందరు ఒకరి మొగము నొకరు చూచుకొని నవ్వుట నేను గమనింపకపోలేదు. మా ఊరిలో ట్రాక్టర్లున్నవి, గేదెలున్నవి, ఎడ్లు ఏవో కొన్ని మిగిలినవి, గుఱ్ఱమెక్కడ నున్నది? ఈ పెద్దమనిషి గుడ్డిగుఱ్ఱమునకు పండ్లు తోమ వచ్చినాడని మీరనుకొనవచ్చును. జట్కాబండ్లు పోయిన తరువాత మన పల్లెలలో గుఱ్ఱము పెండ్లి ఊరేగింపులో తప్ప అంతగా కనబడుట లేదన్నమాట నిజమే. అయినను నేను చెప్పబోవునది మీ పనికి దూరమైనది గాదు. జంతువులతో పోటీ జరుగుచోట జంతువు ఎట్లు మెలగవలెను, మనుష్యుడు దానినెట్లు నడుపవలెను, ఇక చాలునని చెప్పు అధికారము ఎవరి చేతిలో నుండవలెను అనునవి తిరునాళ్ళు జరుపుకొను ప్రతి గ్రామమునకును కావలసిన సంగతులు. నాకు తెలిసినంతలో వీనిని శ్రద్ధగా ఆలోచించి నియమములు కట్టుకొన్న పోటీ దూరపు సవారి పోటీ. అందుచేత దానినే ఎన్నుకొంటిని.

ముప్పదియేండ్లకు పైగా పశువైద్యశాఖలో పనిచేసి విశ్రాంతి పొందిన తరువాత, అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రముననున్న మా అమ్మాయి ఇంట కొన్ని నెలలు గడపితిని. ఆ ప్రాంతమున తెలుగువారు చాలమంది యున్నారు. మా అల్లునితో కలసి పనిచేయు ఒకామెకు గుఱ్ఱపు సవారి వాడుక. నేను పశువైద్యుడనని విని, ఒక ఏబది మైళ్ళ పోటీకి నన్ను వెంటబెట్టుకొని పోయినది. అచట గుఱ్ఱములను పరీక్షించు వైద్యురాలి ప్రక్కన నిలిచి, ఆమె చెప్పినది చీటీమీద వ్రాయు పని నాకప్పగించిరి. ఆ పోటీలలో సాయపడువారిలో చాలమంది జీతము లేకుండ వచ్చువారు. చేతులు చాలనపుడు అతిథిని కూడ వదలరు. తెల్లవారక మునుపే మొదలైన నా గుమాస్తాగిరి చీకటిపడువరకు సాగినది. నా సర్వీసులో నేర్వనివి కొన్ని ఆ యొక్క దినమున నేర్చితినని చెప్పుటకు నాకు సిగ్గు లేదు.

దూరపు సవారి యనగా పందెపు మైదానములో రెండు మూడు నిమిషములలో ముగియు పరుగు గాదు. ఒకే గుఱ్ఱము ఒకే మనుష్యుని మోసికొని ఒకే దినమున ఏబది మైళ్ళుగాని నూరు మైళ్ళుగాని కొండలు, వాగులు, అడవిదారులు దాటి పోవలెను. అమెరికాలో ఏబది మైళ్ళకు 12 గంటలు, నూరు మైళ్ళకు 24 గంటలు గడువు. నడుమ విశ్రాంతికాలము కూడ అందులోనిదే. ఇట్టి పోటీలలో పేరుగన్నది టెవిస్ కప్పు. 1955లో ఆబర్న్ పట్టణ నివాసి వెండెల్ రోబీ అను కలప వ్యాపారి, నేటి గుఱ్ఱములు ఒక దినమున నూరు మైళ్ళు పోజాలవను మాటకు జవాబుగా, కొలదిమంది తోడివారితో సియెరా నెవాడా కొండలకు అడ్డముపడి ఆబర్న్ చేరినాడు. నాటినుండి ఆ సవారి ఒక వార్షికోత్సవమైనది. రాత్రివేళ వెన్నెల తోడుండవలెనని సాధారణముగా పున్నమికి దగ్గర దినమును ఎన్నుకొందురు. బయలుదేరినవారిలో సుమారు సగముమంది మాత్రమే గడువులోపల చేరుట అచట మామూలు. చేరిన ప్రతివారికిని ఒక వెండి బకిలీ బహుమానము. మొదట వచ్చినవారికి ఒక కప్పు కలదు. మొదట చేరిన పది గుఱ్ఱములలో మిక్కిలి చక్కని స్థితిలోనున్న దానికి 1964 నుండి మరియొక కప్పు కలదు. రెండవదానినే గొప్పదిగా నెంచు సవారులు అనేకులు.

ఈ రెండవ కప్పు ఊరక పుట్టలేదు. దానివెనుక చావులున్నవి. 1892లో బెర్లిను, వియన్నా నగరముల నడుమ జర్మను సైనికోద్యోగులును, ఆస్ట్రియా హంగేరీ సైనికోద్యోగులును పోటీపడి సవారి చేసిరి. సుమారు 580 కిలోమీటర్ల దారి. గెలిచిన ప్రభువు దానిని 71 గంటల పైచిలుకు కాలములో ముగించినాడు. ఆయన గుఱ్ఱము మాత్రము ఆ పిదప బ్రదుకలేదు. అట్లే పోయిన గుఱ్ఱములు ఇంక ననేకము. ఆపుమని చెప్పుటకు ఆ దారిలో ఎవరికిని అధికారము లేకపోయినది; గుఱ్ఱమునకు నోరు లేదు, మనుష్యునకు పౌరుషము హెచ్చు. తరువాతి కాలమున ఏర్పడిన నియమములన్నియు ఈ లోపమును సరిదిద్దుటకే పుట్టినవని నా అభిప్రాయము.

ఇక నేను కన్నులార చూచిన దానికి వచ్చెదను.

పోటీకి ముందటి సాయంకాలమే గుఱ్ఱములు బండ్లలో వచ్చి ఒక పచ్చికబయలులో దిగినవి. డెబ్బది ఎనుబది గుఱ్ఱములు ఒకచోట చేరిన యెడల ఎంత గందరగోళముండునో అని నేననుకొంటిని. మన పశువుల సంతను తలచుకొంటిని. కాని ఆ రాత్రి అచట మిడతల చప్పుడు, గడ్డి నమలు చప్పుడు తప్ప వేరు లేదు. ప్రతి గుఱ్ఱమును దాని బండికే కట్టిరి. త్రాడు కట్టిన ఎత్తు గుఱ్ఱము మూపుకు సమానముగా నుండెను. నోరు గడ్డికి అందవలెను, కాలు త్రాటిలో పడగూడదు, అంత పొడవే. ముడి మాత్రము ఒక కొసను లాగినంతనే ఊడిపోవునది. నడిరేయి గుఱ్ఱము బెదరి వెనుకకు లాగినపుడు చిక్కుముడి విప్పుచు కూర్చుండుటకు వ్యవధి యుండదుగదా.

ఇట్లు రాత్రియెల్ల కట్టుబడి నిలువగలుగుట గుఱ్ఱమునకు పుట్టుకతో వచ్చు గుణము గాదు. అది మందలో తిరుగు జంతువు. ప్రక్కనున్న తోడు కదలిన తానును కదలవలెనని దాని ప్రాణము కొట్టుకొనును. కావున ఇంటివద్దనే నెలల తరబడి కట్టి నిలుపుట, పరాయి గుఱ్ఱముల ప్రక్కన నిలుపుట, తోడు వెడలిపోయినను ఓర్చుకొనుట నేర్పుదురు. ఈ శిక్షణ లేని గుఱ్ఱము రాత్రియెల్ల త్రొక్కుకొని, తెల్లవారునప్పటికే సగము బలము పోగొట్టుకొనును. ఆ ఒకామె నాతో, నూరు మైళ్ళు పరుగెత్తుట నేర్పుట సులభము, ఊరకుండుట నేర్పుట కష్టము అన్నది. మన పిల్లలనుగూర్చి కూడ నాకట్లే తోచును గాని అది వేరు సంగతి.

కొన్ని గుఱ్ఱముల తోకలకు ఎఱ్ఱని రిబ్బను కట్టియుండుట చూచితిని. మన పెండ్లి గుఱ్ఱమునకు చేసినట్లు అలంకారమనుకొంటిని. అలంకారము గాదు. ఈ గుఱ్ఱము వెనుకకు తన్నును, దగ్గరకు రావలదు అని దాని గుర్తు. కొత్తగా పోటీకి వచ్చిన గుఱ్ఱమునకు పచ్చ రిబ్బను కట్టుట కూడ వాడుకలో నున్నది. తన గుఱ్ఱమునందలి దోషమును తానే పదిమందికి తెలియునట్లు తోకకు కట్టుకొనుట నాకు మిక్కిలి నచ్చినది. మన సంతలలో పొడుచు ఎద్దునకు కొమ్ములకు రంగువేసి సాధువని అమ్మువారిని నేనెరుగుదును, మీరును ఎరుగుదురు. రిబ్బను కట్టినంత మాత్రమున యజమానుని పూచీ తీరదనియు అచటివారు చెప్పుచుందురు. తన్ను గుఱ్ఱమును వెనుకగా నడుపుకొనుట, ఇరుకుదారిలో ప్రక్కకు తొలగి నిలుచుట అతని పనియే.

మనుష్యుల నడవడికిని నియమములున్నవి. గుఱ్ఱమునకు తిన్నగా ముక్కు ముందరను, తిన్నగా తోక వెనుకను ఉన్నది సరిగా కనబడదు. ప్రక్కలనున్నది చక్కగా కనబడును. కావున దాని ఎడమ భుజమువైపునుండి, మెల్లగా మాటలాడుచు రావలెను. మొదట చేయి భుజముమీద నుంచి తరువాతనే మిగిలిన పని. వెనుకగా పోవలసివచ్చిన, చేయి దాని పిఱ్ఱలపై నానించి మిక్కిలి దగ్గరగా పోవలెను, లేదా కాలు అందనంత దూరముగా పోవలెను. నడిమి దూరమే ప్రమాదము. త్రాటిని చేతికి చుట్టుకొనరాదు. ఈ మాట మీరు వ్రాసికొనదగినది. నేను సర్వీసులో నున్న కాలమున ఒక ఊరేగింపులో బాణసంచా పేలగా గుఱ్ఱము బెదరినది. పగ్గమును మణికట్టునకు మూడు చుట్లు చుట్టుకొన్న కుఱ్ఱవాడు వీధి పొడవున ఈడ్వబడినాడు. బ్రదికినాడు గాని రెండు వ్రేళ్ళు పోయినవి. త్రాటిని మడతలుగా పట్టుకొన్నచో విడిచిపెట్టిన విడిపోవును.

తెల్లవారుజామున సవారి మొదలైనది. దారిలో పాటించు మర్యాదలను నేను స్వయముగా చూడలేదు. తిరిగివచ్చినవారు చెప్పగా వింటిని. ముందటి గుఱ్ఱమునకు కనీసము ఒక గుఱ్ఱపు పొడవు దూరములో నుండవలెను. దాటిపోదలచిన కేకవేసి ఏ ప్రక్కనుండి వచ్చుచున్నదియు చెప్పి, ముందున్నవారు సరేయన్న పిదప మెల్లగా దాటవలెను. నీటివద్ద మర్యాద అన్నిటికంటె ముఖ్యము. ఒక గుఱ్ఱము త్రాగుచుండగా ప్రక్కవాడు తనది త్రాగినదిగదాయని వెడలిపోరాదు. ఏల? తోడు పోవుట చూచి ఆ రెండవ గుఱ్ఱము త్రాగుట మాని వెంటబడును. ఇట్లు పొట్ట నిండక పోయిన నీరు రెండు గంటల తరువాత దాని ప్రాణము మీదికి తెచ్చును. కావున అందరును త్రాగువరకు అందరును నిలుతురు. పోటీలోనున్న మనుష్యుడు ఎదిరివాని గుఱ్ఱము దాహము తీరువరకు వేచియుండుట! అది విని నేను మరల అడిగి నిశ్చయము చేసికొంటిని.

నేనున్నది పరీక్షాస్థలమున. దారిలో కొన్ని మైళ్ళకొకచోట ప్రతి గుఱ్ఱమును నిలిపి వైద్యులు పరీక్షింతురు. విశ్రాంతిగా నున్న గుఱ్ఱపు గుండె నిమిషమునకు 28 మొదలు 44 మారులు కొట్టుకొనును. పరుగున వచ్చినపుడు ఎంతో హెచ్చియుండును. అది నిర్ణీతమైన అంకెకు, చాల పోటీలలో 60కి గాని 64కు గాని, దిగవలెను. అది దిగిన క్షణమునుండియే విశ్రాంతికాలము లెక్కకు వచ్చును. గడువులోపల దిగనిచో ఆ గుఱ్ఱము పోటీనుండి తొలగింపబడును. దీనిలోని యుక్తిని గమనింపుడు. గుఱ్ఱమును తరిమి పది నిమిషములు ముందుగా వచ్చినవాడు, దాని గుండె దిగుటకు పదునైదు నిమిషములు పట్టిన ఐదు నిమిషములు నష్టపడును. చివరి అరమైలు దిగి నడిపించుకొని వచ్చినవాడు లాభపడును. దయ చూపుమని ఉపన్యాసము చేయకుండగనే దయ చూపినవానికి లాభము వచ్చునట్లు నియమము కట్టినారు.

గుఱ్ఱపు మర్యాద యొక్క విలువ నాకు ఇచటనే తెలిసినది. మధ్యాహ్నమునకు ముందు రెండు గుఱ్ఱములు ఇంచుమించు కలసి వచ్చినవి. ఒకటి పొట్టి గోధుమవన్నె ఆడగుఱ్ఱము, చూపునకు సామాన్యమైనది. తల దించుకొని నిలిచినది. వైద్యురాలు ఎడమ మోచేయి వెనుక స్టెతస్కోపు నుంచిన వెంటనే చెవులు వ్రేలవేసి కునుకు తీయసాగినది. మూడు నిమిషములలో అంకె దిగినది. రెండవది తెల్లని అరబ్బీ మగగుఱ్ఱము, చిత్రములో వ్రాసినట్లున్నది. దానితోడి గుఱ్ఱము ముందుగా పరీక్ష ముగించుకొని వెడలిపోవుచుండుట చూచి సకిలించి, ముందుకాళ్ళతో నేల తవ్వి, చుట్టు తిరుగసాగినది. గుండె 60కి దగ్గరగా దిగును, సకిలించినంతనే మరల 80కి ఎక్కును. స్టెతస్కోపు నిలిపి వినుటకే వీలుకాలేదు. దాని దేహములో బలమున్నది. అలసట కూడ అంతగా లేదని నా కన్నునకు తోచినది. కాని నిలువనేర్వని గుఱ్ఱము బాగున్నదో లేదో చెప్పుట ఏ వైద్యునికిని సాధ్యము గాదు. గుఱ్ఱము మాటలాడలేదు, అది నిలిచి పరీక్ష చేయనిచ్చుటయే దాని మాట. ఆ సవారికి ఇరువది నిమిషములు పైగా నష్టమైనది. అతడు గుఱ్ఱమును కొట్టలేదు, కసరలేదు. దాని మెడ నిమురుచు ప్రక్కనున్న ఒక ముసలి గుఱ్ఱము చెంతకు చేర్చినాడు. తోడు దొరికిన తరువాత అది నెమ్మదించినది.

గుండె తరువాత మిగిలిన పరీక్ష. పెదవి ఎత్తి చిగురు నొక్కి, రంగు ఎంత త్వరగా తిరిగి వచ్చునో చూతురు. మెడ చర్మము చిటికెన పట్టి వదలి, నీరు తగ్గినదా యని తెలిసికొందురు. రెండు డొక్కలయందును ప్రేగుల చప్పుడు విందురు. చప్పుడు లేకపోవుట చెడ్డ గుర్తు, ఏలయన గుఱ్ఱము వాంతి చేసికొనజాలదు, కడుపులో చేరిన బాధ కడుపులోనే యుండును. వీపును, జీను పట్టుచోటును, కాళ్ళను తడవి చూతురు. ఆపైన సవారి గుఱ్ఱముతోకూడ మెల్లగా పరుగెత్తి పోయిరావలెను. ఇందులోనొక మర్మమున్నది. ముందుకాలు నొచ్చిన గుఱ్ఱము ఆ కాలు నేల మోపినపుడు తల పైకెత్తును. గడ్డము క్రింద త్రాటిని బిగబట్టి పరుగెత్తించిన ఆ తల ఊపు కనబడదు. తెలిసి చేసినను, తెలియక చేసినను వైద్యురాలు ఒప్పలేదు. త్రాటిని వదులుగా పట్టి మరల పరుగెత్తింపుమని ముగ్గురితో చెప్పగా నేను వ్రాసితిని. పోయి వచ్చుట మొత్తము 250 అడుగులు. పరుగు మొదలిడిన నిమిషమునకు మరల గుండె లెక్కింతురు. మొదటి అంకెకంటె హెచ్చినచో లోపల అలసట దాగియున్నదని అనుమానము.

ఇన్నిటిలోను నెగ్గిన గుఱ్ఱము మాత్రమే ముందుకు పోవును. చివరి గీత దాటిన పిదపను మరల పరీక్ష యున్నది; అందులో తప్పిన యెడల ముందుగా వచ్చినదియు లెక్కకు రాదు. సవారి ఎంత గొప్పవాడైనను వైద్యుని మాటపై వాదము లేదు. 1973లో టెవిస్ కప్పులో గార్డీ ఎయిన్స్‌లీ అనునతని గుఱ్ఱము కుంటినందున దారిలో ఆపివేసిరి. మరుసటి యేడు అతడు గుఱ్ఱము లేకుండ తానే ఆ నూరు మైళ్ళు పరుగెత్తి 24 గంటలలోపల ముగించినాడు. ఆ పిదప ఆ దారిలో మనుష్యుల పరుగు పోటీ వేరుగా పుట్టినది. పౌరుషము తీర్చుకొనుటకు అది సరియైన త్రోవయని నాకు తోచును, కాళ్ళు తనవేగదా.

ఎండనుగూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను, అది మనకు దగ్గర సంగతి. వేడిలో పనిచేయు గుఱ్ఱమునకు గంటకు పది లీటర్లవరకు చెమట పోవచ్చును, అంతకు మించుటయు కలదు. దాని చెమటలో ఉప్పు మన చెమటలోకంటె మిక్కుటము. నీటితోకూడ ఉప్పును పోవుటచే నెత్తురులోని సాంద్రత మారదు. అందుచేత ఒడలు ఎండుచున్నను దానికి దాహము తెలియదు. త్రాగలేదు కావున దాహము లేదనుకొనుట పొరపాటు. ఉప్పులు కలిపిన మేత ఇచ్చి, చిన్న చిన్న మోతాదులుగా పలుమారులు నీరు చూపవలెను. వేడిమీదనున్న గుఱ్ఱమునకు చన్నీళ్ళు పోసిన కాళ్ళు పట్టుకొనిపోవునని మన సాహిణులును, పాశ్చాత్యులును చిరకాలము నమ్మిరి. 1996 అట్లాంటా ఒలింపిక్సుకు ముందు జరిగిన పరిశోధనలు ఆ భయము నిరాధారమని తేల్చినవి. చన్నీళ్ళు ఒడలెల్ల ధారాళముగా పోయుటయే మేలు. నా చదువులో నేను పాత మాటనే నేర్చితిని, ఇప్పుడు దిద్దుకొంటిని.

నీటికంటె గాలిలోని తేమ గొప్ప శత్రువు. తేమ హెచ్చిన చెమట ఆరదు, ఆరని చెమట చల్లబరచదు. 2018లో అమెరికాలోని ట్రయన్ పట్టణమున జరిగిన ప్రపంచ అశ్వక్రీడలలో దూరపు సవారిని ఎండ, తేమల మూలమున నడిమధ్యన రద్దు చేసిరి. ఎన్నో దేశములవారు ఏండ్లు శ్రమించి, సముద్రములు దాటించి గుఱ్ఱములను తెచ్చినారు, అయినను ఆపినారు. మన కోస్తా జిల్లాలలో వేసవి మధ్యాహ్నము ఎట్లుండునో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఈ క్రీడయందు అంతయు బాగున్నదని నేననను. బహుమతుల ధనము హెచ్చి, ఎడారి దేశములలో బయలు నేలలపై వేగము హెచ్చినపుడు గుఱ్ఱముల కాళ్ళు విరిగినవి. 2015లో అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య, గుఱ్ఱముల క్షేమమును, నియమముల పాటింపును గూర్చిన కారణములచే ఐక్య అరబ్ ఎమిరేట్సు సమాఖ్యను కొన్ని నెలలు సస్పెండు చేయవలసివచ్చెను. కావున పరీక్షాస్థల మొకటి కట్టి, స్టెతస్కోపు మెడలో వేసికొన్న వైద్యు నొకని నిలిపినంత మాత్రమున పని తీరదు. అతని మాట చెల్లవలెను.

ఇది చెప్పునపుడు నాకు నా స్వంత అనుభవమొకటి గుర్తునకు వచ్చును. అది గుఱ్ఱమునుగూర్చినది గాదు, ఎడ్లనుగూర్చినది. చాల యేండ్లక్రిందట ఒక తిరునాళ్ళలో బండలాగుడు పోటీకి నన్ను పిలిచి వేదికమీద కూర్చుండబెట్టిరి. పూలదండ వేసిరి. మధ్యాహ్నము రెండు గంటల ఎండ. ఒక జత మంచి ఒంగోలు ఎడ్లు. వలపటి ఎద్దు నోరు తెరచి, నాలుక చాచి, నురగ కక్కుచుండుట నేను చూచుచునే యున్నాను. దాని వెనుకకాళ్ళు తడబడినవి. ఆపవలెనని నాకు తెలియును. జనము కేకలు, యజమానుని మీసము, బహుమతి దాత ప్రక్కన కుర్చీ. నన్నెవరును అడుగలేదు, నేనును నోరు మెదపలేదు. బండ మరి నాలుగడుగులు కదలినది. ఎద్దు కూలినది. ఆ రాత్రి సెలైను ఎక్కించుచు దాని ప్రక్కన కూర్చుంటిని. కోడికూత వేళకు పోయినది. యజమానుడు దాని మెడ కౌగిలించుకొని ఏడ్చినాడు. అతడు క్రూరుడు గాడు, బిడ్డవలె పెంచినాడు. పదివేలమంది ఎదుట తన ఎద్దును తానే ఆపుకొనుట అతనికి సాధ్యము గాలేదు, అంతే. ఆ మాట వేరొకరు చెప్పియుండిన అతని పరువు నిలిచియుండును, ఎద్దును నిలిచియుండును. చెప్పవలసినవాడను నేను, దండ వేసికొని కూర్చుంటిని.

కాలిఫోర్నియాలో ఆ సాయంకాలము వైద్యురాలు ఒక నడివయసు సవారితో, మీ గుఱ్ఱము ఇక పోరాదని చెప్పగా అతడు ఒక్క నిమిషము నేల చూచి, టోపీ తీసి, కృతజ్ఞతలు చెప్పి జీను దించినాడు. చుట్టునున్నవారు చప్పట్లు కొట్టిరి. చీటీమీద నేను ఆ అక్షరములు వ్రాయునపుడు నా చేయి కొంచెము వణకినది.

పంచాయతీ సభ్యులు దీనినిబట్టి ఏమి చేయగలరని మీరడుగవచ్చును. జంతువులను మితిమించి తోలుట, మితిమించి బరువు లాగించుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. పోటీలనుగూర్చి న్యాయస్థానములును, ప్రభుత్వమును ఎప్పటికప్పుడు ఇచ్చు ఉత్తర్వులను మొదట తెలిసికొనవలెను. అనుమతి లేని పోటీకి పంచాయతీ తోడుపడరాదు. అనుమతి యున్నచోట, పశువైద్యుని వేదికమీద గాక బరి ప్రక్కన నిలుపుడు. ఆయన ఆపుమన్న ఆగవలెనని కాగితముమీద వ్రాసి, పోటీదారులందరిచేత ముందుగనే సంతకము చేయించి, మైకులో చదివించుడు. మధ్యాహ్నపు వేళ మానుకొని తెల్లవారుజామున మొదలిడుడు. పందెము మొదట గెలిచిన జతకే గాక, ముగించిన పిదప మంచి స్థితిలోనున్న జతకు కూడ ఒక బహుమతి పెట్టుడు. అది చిన్నదైనను, పెద్దమనిషి ఒకరు స్వయముగా ఇచ్చిన చాలును.

నీడ, నీరు మీ చేతిలోని పని. త్రాగు తొట్టి వేరు, కడుగు నీటి తొట్టి వేరుగా నుంచుడు. ఒంటిమీద చెమట తుడిచిన గుడ్డను త్రాగు తొట్టిలో ముంచనీయరాదు. గుఱ్ఱములకు వచ్చు గ్లాండర్స్ అను అంటురోగము ఒకే తొట్టి నీటివలన కూడ వ్యాపించును, మనుష్యులకును సోకును. మన దేశమున అది అప్పుడప్పుడు బయలుపడుచునే యున్నది. ముక్కునుండి చిక్కని చీమిడి, చర్మముపై కురుపులు గల గుఱ్ఱము ఊరేగింపునకు వచ్చిన యెడల దానిని వేరుగా నిలిపి పశువైద్యశాలకు కబురుపెట్టుడు. పెండ్లి గుఱ్ఱము నిలుచుచోట బాణసంచా కాల్పకుండ చూచుటకును, పిల్లలను దాని తోకవైపు చేరనీయకుండుటకును ఒక మనిషిని పెట్టినచో చాలును.

నాకిచ్చిన కాలము మించిపోయినది. వెనుక వరుసలో ఒక సోదరి ఇంతకు ముందే చేయి ఎత్తియున్నారు. మొదట వారి ప్రశ్న విందును.